రాజీనామా చేసిన పందొమ్మిదేళ్ళ కుర్రాడు
(విశ్రాంత ఉద్యోగుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో ఏం మాట్లాడుకుంటామో మనకందరికీ తెలుసు. కరువు భృతి బకాయిలు, వైద్య ఖర్చుల బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్టు. ఈసారి ఇళ్ళవాళ్ళు కూడా వస్తున్నారు కాబట్టి ఏదైనా సాహిత్యం గురించి మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. సరేనన్నాను. అయితే సాహిత్యమైనా సరే, మన సర్వీసుకు సంబంధం ఉన్నదైతే బాగుంటుందని ఒక రాజీనామా కథను ఎంచుకున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. ఈమధ్య మన ఇళ్ళల్లో తరచు వినబడే మాట ఒకటుంది. "అబ్బాయి ఉద్యోగం మానేశాడట." ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెబుతాం, ఇంట్లో ఎవరికో జబ్బు చేసినట్టు. ఒకే సర్వీసులో ముప్పై, ముప్పై అయిదేళ్ళు గడిపి పూలదండతో బయటకు వచ్చినవాళ్ళం మనం. పొద్దున్న ఉన్న ఉద్యోగం సాయంత్రానికి లేదంటే మనకు మింగుడుపడదు. అందుకే ఈ కథ మనం వినవలసినదని నా అభిప్రాయం.

కథ పేరు 'ఎ అండ్ పి'. రాసినవాడు జాన్ అప్‌డైక్ అనే అమెరికన్ రచయిత. 1961 జూలైలో 'న్యూయార్కర్' పత్రికలో వచ్చింది. మరుసటి ఏడాది ఆయన కథల పుస్తకంలో చేరింది. అమెరికాలో బడిపిల్లలకు, కాలేజీ పిల్లలకు దీన్ని పాఠంగా చెబుతుంటారు. అక్కడ పెరుగుతున్న మన మనవలు, మనవరాళ్ళలో కొందరు చదివే ఉంటారు. తాతలం మనం కూడా తెలుసుకుంటే ఫోనులో మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరుకుతుంది.

ఎ అండ్ పి అనేది అమెరికాలో పచారీ సరుకులమ్మే పెద్ద కంపెనీ. ఊరూరా దానికి దుకాణాలుండేవి. బోస్టన్ నగరానికి ఉత్తరాన, సముద్రానికి అయిదు మైళ్ళ దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్ళోని దుకాణంలో సామీ అనే పందొమ్మిదేళ్ళ కుర్రాడు బిల్లు కౌంటరులో పనిచేస్తుంటాడు. కథంతా అతనే చెబుతాడు. వేసవికాలం. ముగ్గురు అమ్మాయిలు సముద్రపు ఒడ్డు నుంచి వచ్చినట్టే ఈత దుస్తులతో, కాళ్ళకు చెప్పులైనా లేకుండా దుకాణంలోకి వస్తారు. వాళ్ళను చూస్తూ సామీ ఒక బిస్కెట్ల పెట్టెకు రెండుసార్లు బిల్లు కొట్టేస్తాడు. ఎదురుగా ఉన్న యాభయ్యేళ్ళ ఆవిడ ఊరుకుంటుందా? దులిపేస్తుంది. కౌంటరులో కూర్చున్న అనుభవం ఉన్నవాళ్ళకు ఇది విడమరచి చెప్పనవసరం లేదు.

ఆ అమ్మాయిలలో నాయకురాలిలా నడిచే అమ్మాయికి సామీ తన మనసులోనే 'రాణి' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకుంటాడు. ఆమె నలభై తొమ్మిది సెంట్ల చేపముక్కల సీసా ఒకటి తీసుకుని సామీ కౌంటరుకే వస్తుంది. అప్పుడే మేనేజరు లెంగెల్ బయట క్యాబేజీ లారీవాడితో బేరం ముగించుకుని లోపలికి వస్తాడు. ఆదివారం పూట పిల్లలకు బైబిలు చెప్పే పెద్దమనిషి ఆయన. ఇది సముద్రపు ఒడ్డు కాదమ్మా, ఇక్కడికి వచ్చేటప్పుడు భుజాలు కప్పుకుని రావాలి, అది మా దుకాణం రూలు అంటాడు. అమ్మ తెమ్మన్న సీసా కోసం వచ్చామంటుంది ఆ అమ్మాయి. ముఖం ఎర్రబడుతుంది. చుట్టూ జనం గుమిగూడి చూస్తుంటారు.

సామీ బిల్లు కొట్టి చిల్లర ఇస్తాడు. అమ్మాయిలు తలుపు వైపు వెళుతుండగా, వాళ్ళకు వినబడేలా గబగబా "నేను ఉద్యోగం మానేస్తున్నాను" అంటాడు. వాళ్ళు ఆగి తనవైపు చూస్తారని అతని ఆశ. వాళ్ళు ఆగరు. తలుపు తెరుచుకుంటుంది, కారు దగ్గరకు వెళ్ళిపోతారు.

ఇంతవరకు విన్నవాళ్ళు, "ఇదేం గొప్ప? ఆడపిల్లల ముందు ఫోజు కొట్టాడు" అనవచ్చు. నిజమే. అప్‌డైక్ కూడా దాన్ని దాచలేదు. సామీ ధర్మవీరుడేం కాదు. దుకాణానికి వచ్చేవాళ్ళను గొర్రెలతో పోలుస్తాడు. ఆ అమ్మాయి గొంతు వినగానే వాళ్ళింట్లో విందులు ఎంత దర్జాగా జరుగుతాయో ఊహించుకుంటాడు. తమ ఇంటికి చుట్టాలొస్తే నిమ్మరసం ఇస్తారని, మరీ ఘనమైన సందర్భమైతే బొమ్మల గ్లాసుల్లో బీరు పోస్తారని గుర్తు చేసుకుంటాడు. అంటే ఆ రాజీనామాలో ఆడపిల్లల మెప్పు ఉంది, గొప్పింటి మీద ఆశ ఉంది, పెద్దవాళ్ళ మీద చికాకు ఉంది, ఒక మనిషిని పదిమందిలో చిన్నబుచ్చారన్న కోపమూ ఉంది. ఏది ఎంత పాలో అతనికే తెలియదు. పందొమ్మిదేళ్ళప్పుడు ఎవరికి తెలుసు?

అయితే అసలు కథ ఆ తరువాతే ఉంది. అమ్మాయిలు వెళ్ళిపోయారు. లెంగెల్ కేకలు వేయలేదు. ఏదో అన్నావా అని అడిగాడు, వినబడలేదన్నట్టు. నాకు ఈ ప్రశ్న చాలా ఇష్టం. ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో పనిచేసినవాడిని కాబట్టి ఇందులోని మర్యాద నాకు తెలుసు. కుర్రాడు అన్న మాటను అనలేదని అనుకోవడానికి అవకాశం ఇస్తున్నాడు ఆ మేనేజరు. సామీ ఆ అవకాశం తీసుకోలేదు. మానేస్తున్నానన్న మాట మళ్ళీ అన్నాడు. వాళ్ళను అంతగా సిగ్గుపరచనవసరం లేదనీ అన్నాడు.

లెంగెల్ మరో మెట్టు దిగాడు. ఆయన సామీ తల్లిదండ్రులకు ఏళ్ళ తరబడి స్నేహితుడు. మీ అమ్మానాన్నలకు ఈ పని చేయకు అన్నాడు. దీని ఫలితం బతుకంతా నిన్ను వదలదని హెచ్చరించాడు. సామీ మనసులో అది నిజమేనని ఒప్పుకున్నాడు. కానీ మొదలుపెట్టిన పనిని మధ్యలో వదిలేస్తే తాను ఎందుకూ పనికిరానివాడినవుతానని అనుకున్నాడు. పేరు కుట్టి ఉన్న ఏప్రాన్ విప్పి మడతపెట్టాడు, కంపెనీ ఇచ్చిన బో టై దాని మీద పెట్టాడు, బయటకు నడిచాడు.

బయట చూస్తే ఆ అమ్మాయిలు లేరు. పిల్లలమీద అరుస్తున్న ఒక తల్లి, ఎండ, కార్లు. వెనక్కి తిరిగి అద్దంలోంచి చూస్తే, తన కౌంటరులో లెంగెల్ నిలబడి బిల్లులు కొడుతున్నాడు. ముఖం నల్లబడి, వెన్ను బిగుసుకుపోయి ఉంది. ఇకమీదట లోకం తన పట్ల ఎంత కఠినంగా ఉండబోతుందో అప్పుడు సామీకి కడుపులో తెలిసింది. కథ అక్కడితో అయిపోతుంది.

మిత్రులారా, ఇందులో నాకు కనబడిన విషయం ఒక్కటే. సామీ ఆ మాట రెండుసార్లు అన్నాడు. మొదటిసారి అన్నది కుర్రతనం. రెండోసారి అన్నప్పుడు చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు, మెచ్చుకునే అమ్మాయిలు లేరు, ఎదురుగా ఉన్నది నిజం చెబుతున్న పెద్దమనిషి. నష్టం తెలిసింది, తప్పించుకునే దారీ కనబడింది. అయినా అదే మాట అన్నాడు. కుర్రాడు పెద్దవాడైంది ఆ రెండో మాటతోనే. అతను చేసింది తెలివైన పని అని నేను అనడం లేదు. తను చేసిన పనికి ఖరీదు తానే కట్టడానికి సిద్ధపడ్డాడు, అంతే. పెద్దరికం అంటే అంతకంటే ఏముంది?

మన సర్వీసు నిబంధనలు రాసినవాళ్ళకు ఈ తేడా తెలుసుననిపిస్తుంది. రాజీనామా రాసి ఇవ్వగానే ఉద్యోగం పోదు. దాన్ని అధికారి ఆమోదించాలి, రిలీవ్ చేయాలి. 1977లో అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి ఒకరు ఆగస్టు ఒకటి నుంచి రాజీనామా చేస్తున్నట్టు మే నెలలోనే ఉత్తరం రాసి, జూలైలో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అది చెల్లుతుందా అని పెద్ద వివాదమై, 1978లో గోపాల్ చంద్ర మిశ్రా కేసులో సుప్రీంకోర్టు చెల్లుతుందని తీర్పు చెప్పింది. అమలయ్యే తేదీ రాకముందు మనసు మార్చుకునే హక్కు న్యాయమూర్తికి కూడా ఉందన్నమాట. మన కాలంలో అమలులో ఉన్న 1972 నాటి కేంద్ర పెన్షన్ నిబంధనలలో 26వ నిబంధన రాజీనామా చేస్తే గత సర్వీసంతా పోతుందని చెబుతూనే, బలమైన కారణముండి, పోస్టు ఖాళీగా ఉంటే, 90 రోజుల లోపు తిరిగి చేరేందుకు ఒక కిటికీ తెరిచి ఉంచింది. సామీకి ఆ 90 రోజులూ లెంగెల్ ఒక్క నిమిషంలో ఇచ్చాడు.

నా సర్వీసులో చూసిన ఒక సంగతి చెబుతాను. ఏ ఆఫీసో, ఎవరో చెప్పను. నేనప్పుడు సెక్షన్ సూపరింటెండెంటును. ఒక అధికారి కోపంలో ఫైలు నేలకు విసిరికొట్టి, రిటైర్మెంటు దగ్గరపడిన అటెండరుచేత, బయటివాళ్ళు నలుగురు కూర్చుని చూస్తుండగా కాగితం కాగితం ఏరించాడు. ఆ గదిలోనే నిలబడి ఉన్న జూనియర్ అసిస్టెంటు ఒకడు, మూడేళ్ళ సర్వీసు కూడా నిండనివాడు, తిన్నగా నా దగ్గరకొచ్చి తెల్లకాగితం మీద రెండు వాక్యాలు రాసి ఇచ్చాడు. రాజీనామా. నేను ఇన్‌వార్డు నంబరు వేయించలేదు. బల్ల మీది అట్ట కింద పెట్టి, "రేపు రావోయ్, మాట్లాడుకుందాం" అన్నాను. ఇంట్లో పెళ్ళి కావలసిన చెల్లెలు ఉందని గుర్తు చేశాను. అప్పటికి నేను ఈ కథ చదవలేదు గాని, లెంగెల్ చెప్పినవే చెప్పాను.

సాయంత్రం ఆ అటెండరే అతన్ని పట్టుకుని బతిమాలాడు. "మీరు పోతే నాకొచ్చే మేలేమిటి బాబూ? నా గురించి మీ అన్నం పోగొట్టుకోకండి" అన్నాడు. కుర్రాడు, "మీ కోసం కాదు. రేపు ఆ గదిలోకి ఫైలు పట్టుకుని వెళ్ళడం నావల్ల కాదు" అన్నాడు. మర్నాడు పదిన్నరకు వచ్చాడు. శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి, "ఇన్‌వార్డు చేయించండి సార్" అన్నాడు. గొంతులో కోపం లేదు. అప్పుడు చేయించాను.

తరువాత ఏమయిందంటారా? అధికారి మారలేదు. అటెండరు మరుసటి ఏడాది రిటైరయ్యాడు. కుర్రాడు చాలా కష్టాలు పడ్డాడు. ట్యూషన్లు చెప్పాడు, మందుల షాపులో లెక్కలు రాశాడు. చెల్లెలి పెళ్ళి రెండేళ్ళు వెనకబడింది. నా పదవీ విరమణ రోజున ఎవరు చెప్పారో ఏమో, దండ పట్టుకుని వచ్చాడు. ఆ రాజీనామా ఊసు అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అతను చేసింది ఒప్పో తప్పో నాకు ఈనాటికీ తెలియదు. ఆ రెండో రోజు పొద్దున్న నా బల్ల ముందు నిలబడింది పిల్లవాడు కాదని మాత్రం తెలుసు.

ఇక వెళ్ళనివాళ్ళ మాట. జేమ్స్ జాయిస్ రాసిన 'ఎవలిన్' అనే కథ ఉంది. 1904 సెప్టెంబరులో డబ్లిన్ పత్రికలో వచ్చింది. ఎవలిన్‌కు కూడా పందొమ్మిదేళ్ళే. దుకాణంలో పని, వారానికి ఏడు షిల్లింగుల జీతం, అది కూడా తండ్రి చేతికే. ప్రేమించిన నావికుడితో బోనస్ ఎయిరిస్ వెళ్ళిపోవాలని ఓడరేవు దాకా వస్తుంది. ఓడ బయలుదేరే వేళకు ఇనుప కమ్మీ పట్టుకుని కదలలేక నిలబడిపోతుంది. సామీ ఆలోచించకుండా వెళ్ళాడు, ఎవలిన్ ఎంతో ఆలోచించి ఆగిపోయింది. ఎవరికి ఎక్కువ నష్టం? రెండు కథలూ తీర్పు చెప్పవు. రచయితల సంగతి చూస్తే మాత్రం ఇద్దరూ వెళ్ళినవాళ్ళే. ఆ కథ అచ్చయిన మరుసటి నెలలోనే జాయిస్ ఇరవై రెండేళ్ళ వయసులో నోరాతో కలిసి డబ్లిన్ వదిలాడు. అప్‌డైక్ 1957లో, ఇరవై అయిదేళ్ళకు, ఇద్దరు పిల్లల తండ్రిగా, 'న్యూయార్కర్' పత్రికలోని ఉద్యోగం వదిలి ఇప్స్‌విచ్ అనే చిన్న ఊరికి వెళ్ళి రాసుకుంటూ బతికాడు. 2009లో చనిపోయేదాకా ఆయన వృత్తి అదే.

వెళ్ళినవాళ్ళనే పొగిడితే అన్యాయమవుతుంది. సామీ పక్క కౌంటరులో స్టోక్సీ అని ఒకడున్నాడు. ఇరవై రెండేళ్ళవాడు. పెళ్ళయింది, ఇద్దరు పసిపిల్లలు. ఎప్పటికైనా మేనేజరు కావాలన్నది అతని కోరిక. సామీ వెళ్ళిపోయినా అతను తన కౌంటరు వదలలేదు. కథ చదివేవాళ్ళు ఇతన్ని పట్టించుకోరు. నేను పట్టించుకున్నాను, ఎందుకంటే మనలో ఎక్కువమందిమి స్టోక్సీలమే. మనకూ మాటలు పడిన రోజులున్నాయి. జేబులో రాజీనామా కాగితం పెట్టుకుని తిరిగి, ఫీజుల గడువు గుర్తొచ్చి చించేసినవాళ్ళు ఈ హాలులో లేరంటారా? అది పిరికితనం కాదు. అదీ ఖరీదు కట్టడమే. సామీ ఒక్కసారి కట్టాడు, మనం నెలనెలా కట్టాం.

ఇంకొక్క మాట. సామీ రోజుల్లో ఎ అండ్ పి శాశ్వతమనే అందరూ అనుకున్నారు. 1859లో మొదలైన కంపెనీ, ఒకప్పుడు అమెరికాలో అందరికంటే పెద్ద దుకాణదారు. అది 2010లో ఒకసారి, 2015లో మరోసారి దివాలా తీసింది. 2015 చివరికి దుకాణాలన్నీ మూతపడ్డాయి. నమ్ముకుని ఉండిపోయినవాళ్ళకు కూడా లోకం కఠినంగానే ఉండగలదు. మన పిల్లల సంగతీ అంతే. 2004 జనవరి 1 నుంచి కేంద్ర సర్వీసులో, సైన్యంలో తప్ప, చేరినవారికి, అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి అప్పటి మన ఉమ్మడి రాష్ట్ర సర్వీసులో చేరినవారికి కొత్త పెన్షన్ పథకం వచ్చింది. ప్రైవేటు ఉద్యోగాల సంగతి చెప్పనే అక్కరలేదు. రాజీనామా అంటే పెన్షన్ పోవడమన్న మన భయాన్ని మన సర్వీసు రిజిష్టరు చూసి నేర్చుకున్నాం. వాళ్ళ బతుకును ఆ రిజిష్టరుతో లెక్క కట్టలేం.

కాబట్టి మనవడో మనవరాలో వచ్చి "ఉద్యోగం మానేశాను తాతయ్యా" అంటే ఏం చేయాలి? నలుగురూ ఏమనుకుంటారో అన్నది మొదటి మాట కాకూడదు. శభాష్ అనీ తొందరపడకూడదు. అన్నం పెట్టించండి. ఆ రాత్రి నిద్రపోనివ్వండి. అట్ట కింద కాగితం పెట్టినట్టు ఆ మాటను ఒక పూట పక్కన పెట్టండి. నష్టమేమిటో దాచకుండా, బెదిరించకుండా చెప్పండి. పొద్దున్న మళ్ళీ అడగండి. "కోపంలో అన్నాను" అంటే, సంస్థవాళ్ళతో మాట్లాడి వెనక్కి తీసుకునే దారి వెదకడానికి సాయం చేయండి. అందులో అవమానమేమీ లేదు, న్యాయమూర్తే తీసుకున్నారు. అలా కాక నిదానంగా అదే మాట మళ్ళీ అంటే, అది ఇక పెద్దవాళ్ళు తీసుకున్న నిర్ణయం. మన ఇష్టంతో పనిలేకుండా దాన్ని గౌరవించాలి.

మన కుటుంబాలవారు గమనించవలసిన చిన్న సంగతి ఒకటి కథలో ఉంది. ఏప్రాన్ విప్పి బయటకు నడిచేటప్పుడు సామీ ఒంటిమీద ఉన్న తెల్లచొక్కా, ముందు రోజు రాత్రి వాళ్ళమ్మ ఇస్త్రీ చేసి పెట్టినది. జరిగినదాన్ని తమ ఇంట్లోవాళ్ళు విషాదమంటారని, తనకు మాత్రం అంత విషాదమనిపించదని సామీయే చెబుతాడు. అంటే ఆ సాయంత్రం అతను ఇంటికే వెళ్ళాడు. వాళ్ళు బాధపడ్డారు, ఒప్పుకోలేదు, కానీ మాట్లాడడం మానలేదు. ఆ కుర్రాడికి లోకం కఠినంగా ఉండబోతోంది. ఇల్లు కూడా అలాగే ఉండనక్కరలేదు కదా.